సాయన్న తుపాకి, నారమ్మ నూనె

జహీరాబాదులో మా బ్యాంకు గుమ్మం దగ్గర కూర్చునే సాయన్న గురించి ఎవరిని అడిగినా, "గా తుపాకి తుడిచే సాయన్ననా?" అంటారు. కాపలా కాసే సాయన్న అని ఒక్కరూ అనరు. పందొమ్మిదేళ్లలో ఆయన ఆ తుపాకితో దొంగను కాదు గదా, కిటికీలో గూడు పెట్టిన పావురాన్ని కూడా బెదిరించలేదు. తుడిచాడు. పొద్దున బ్యాంకు తెరవగానే ఒకసారి, మధ్యాహ్నం చాయ్ తాగాక ఒకసారి, సాయంత్రం షట్టరు దించేముందు ఒకసారి. డాక్టరు రాసిచ్చిన గోలీల లెక్కన మూడు పూటలా తుడిచాడు.

నేను ఆ శాఖలో హెడ్ క్యాషియర్ని. పేరు మనోరమ. నా నోరు మంచిది కాదని ఊళ్లో పేరుంది. అది కష్టపడి తెచ్చుకున్న పేరు కనక పోగొట్టుకునే ఉద్దేశం నాకు లేదు. బ్యాంకు తుపాకి తాలూకు పది తూటాలు నా ఇనప్పెట్టెలో ఉంటాయి. తుపాకి బీరువా తాళం మేనేజరు మహిధర్ దగ్గర ఉంటుంది. తుపాకి సాయన్న దగ్గర ఉంటుంది. దొంగ వస్తే మేం ముగ్గురం కలుసుకునేసరికి వాడు బీదర్ చేరి భోజనం కూడా చేస్తాడు. కానీ రూలు రూలే.

సాయన్నది కోహీర్ పక్క పల్లె. మిలిటరీలో పదహారేళ్లు చేసి వచ్చి మా బ్యాంకులో చేరాడు. ఆదివారం తప్పకుండా చర్చికి పోతాడు. "యేసయ్య మీన గుడ్క గంత ధ్యాస లేదు మేడం, గా గన్ను మీనున్నంత" అని ఆయన భార్య నారమ్మ నాతో ఒకసారి మొరపెట్టుకుంది.

ఎందుకింత పిచ్చి అని నేనూ అడిగాను. మిలిటరీలో చేరిన కొత్తలో ఒకరోజు ఫైరింగు అయ్యాక అందరూ తుపాకులు తుడిచి శిక్షణ ఇచ్చే ఉస్తాదుకు చూపించారట. సాయన్న తుపాకి గొట్టంలో ఆవగింజంత మసి మిగిలింది. తుపాకి నెత్తిమీద పెట్టుకుని మైదానం చుట్టూ పరుగెత్తమన్నాడు ఉస్తాదు. సాయన్న పరుగు ఆగేదాకా మిగతా ఇరవై తొమ్మిది మందికి అన్నం పెట్టవద్దన్నాడు.

"ఇరవై తొమ్మిది కంచాలు మేడం" అన్నాడు సాయన్న. "పట్టుకొని నిలబడ్డరు. ఒక్కడు గుడ్క నన్ను తిట్టలే. తిడితె గా పూటకే అయిపోతుండె."

ఆ రోజునుంచి ఆయన తుపాకి తుడవడం ఆపలేదు. ఈ కథ విన్నాక నేను కూడా ఆ విషయంలో ఆయన్ని ఎగతాళి చేయడం తగ్గించాను. పూర్తిగా మానలేదు.

ఇక అసలు సంగతి. ఏడాదికోసారి, జూన్ మొదటివారంలో, జిల్లాలోని బ్యాంకు గార్డులందరినీ సంగారెడ్డి వైపు గుట్టల కింద ఉన్న ఫైరింగు రేంజికి తీసుకుపోయి తలా అయిదు గుండ్లు కాల్పిస్తారు. ఏడాది మొత్తంలో మా తుపాకి పేలేది ఆ అయిదుసార్లే. ఈ ఏడు దానికి ముందుగా పైఆఫీసు నుంచి ఒక మెయిలు వచ్చింది. ఫైరింగునాడు పరీక్షలో తుపాకి పనికిరాదని తేలితే దాన్ని వెనక్కి పంపేయాలి. ఆ గార్డును కర్రతో ఏటీఎం ముందు నిలబెట్టాలి.

సాయన్నకు రిటైర్మెంటు నవంబరు ఆఖరున. మహిధర్ మెయిలు చదివి వినిపిస్తే, వెలగని ట్యూబులైటులా మొహం పెట్టాడు.

"ఆర్నెల్ల కోసం నా చేతుల కట్టె పెడతరా సార్? బర్లు కాసెటోని తీర్గ? నేను గన్నుతోని వచ్చిన, గన్నుతోనే పోత. ఆఖరి రోజు దాన్ని సాఫ్ జేసి మీ చేతుల పెట్టి సంతకం తీసుకుంట. గంతే నా కోరిక."

"నీ తుపాకికేమైతది సాయన్నా? దేశంలో గంత సాఫున్న తుపాకి ఇంకోటి లేదు" అన్నాను నేను. మనసారా అన్నమాటే. అప్పటికి నాకు నూనె సంగతి తెలియదు.

తుపాకి నూనె అని పైఆఫీసు వాళ్లు ఇదివరకు అడిగినప్పుడల్లా పంపేవాళ్లు, నిరుటినుంచి ఏడాదికి ఒక సీసాయే పంపుతున్నారు, బొటనవేలంత ఉంటుంది. పద్ధతిగా వాడేవాడికి అది ఏడాది వచ్చి ఇంకా మిగులుతుంది. సాయన్నకు దసరా దాకా కూడా రాలేదు. ఇంకో సీసా కావాలని మహిధర్ చేత మూడుసార్లు మెయిలు పెట్టించాడు. మొదటిసారి జవాబు లేదు. రెండోసారి "పరిశీలిస్తున్నాం" అన్నారు. మూడోసారి, "ఇంత నూనె ఎలా ఖర్చయిందో వివరణ ఇవ్వండి" అన్నారు. వివరణ అనే మాట వినగానే మహిధర్ ఆ దారి మానుకున్నాడు.

నారమ్మ పుట్టిల్లు రాయికోడ్ వైపు. అక్కడ వాళ్ల నల్లరేగడి చేనులో కుసుమలు పండిస్తారు. గానుగ పట్టించిన కుసుమ నూనె ఏటా డబ్బాలతో వస్తుంది. గుండెకు మంచిదని దవాఖానలో డాక్టరు చెప్పినప్పటినుంచి వాళ్లింట్లో వేరే నూనె లేదు. సాయన్న ఆలోచించాడు. మనిషి గుండెకు మంచిదైన నూనె తుపాకికి చెడ్డదెట్లయితది? నారమ్మ చూడకుండా దగ్గుమందు సీసాలో పోసుకుని బ్యాంకుకు తెచ్చాడు. మూడు పూటలా దానితోనే తుడిచాడు. అలా ఎనిమిది నెలలు.

నాకు వాసన వచ్చేది. ఎండలు ముదిరాక మా బ్యాంకులో మధ్యాహ్నంపూట పోపు వేసినట్టుండేది. డబ్బు కట్టడానికి వచ్చినవాళ్లు ముక్కు ఎగబీల్చి, లోపల వంట జరుగుతోందేమోనని మేనేజరు గదివైపు చూసేవాళ్లు. మా స్టాఫులోనే ఎవరిదో టిఫిన్ డబ్బా కారుతోందని నేను రెండుసార్లు గొడవ పెట్టుకున్నాను కూడా.

ఏప్రిల్లో ఒకరోజు సాయన్న తుపాకి తెరవడానికి రెండు బొటనవేళ్లూ పెట్టి మూలగడం చూశాను. మాది రెండు గొట్టాల తుపాకి. మీద ఉన్న మీట పక్కకు తిప్పితే నడుము దగ్గర విరిగి తెరుచుకుంటుంది. తూటాలు అక్కడ పెట్టాలి.

"ఏమైంది సాయన్నా, గట్టిగైందా?"

"జవాన్ అయింది మేడం" అన్నాడు సంబరంగా. "కొత్తల గిట్లనే బిగుతుగుండె. మంచి నూనె పడ్డది గద, బలం పట్టింది."

నేను నమ్మాను. నోట్ల కట్టల సంగతి అడిగితే చెబుతాను గానీ, తుపాకుల గురించి నాకేం తెలుసు?

మే నెలలో సాయన్నకు జ్వరం పట్టుకుంది. రెండు వారాలు సెలవు. సెలవు పెట్టే రోజు, తాను లేనప్పుడు తుపాకి ఎండిపోతుందేమోనని, సీసాలో మిగిలిన నూనెంతా మీటలోనూ కీలులోనూ పోసి, మూసి, గుడ్డ సంచిలో చుట్టి బీరువాలో పెట్టాడు. బీరువా ఉండేది జనరేటరు గోడకు ఆనుకుని. ఆ రెండు వారాలూ బయట ఎండ నలభై రెండు. లోపల ఎంతో దేవుడికే తెలియాలి.

జ్వరం తగ్గి సాయన్న వచ్చింది సరిగ్గా ఫైరింగు రోజు పొద్దున్నే. మహిధర్ తుపాకి సంచితో సహా అప్పగించాడు, నేను తూటాల పెట్టె పట్టుకున్నాను. తూటాలు బయటికి పోతే నేనూ వెంట పోవాలి. అదీ రూలే. జీపు ఎక్కినప్పటినుంచి సాయన్నకు ఒకటే గోల.

"పదిహేను దినాలైంది మేడం తుడువక. జర విప్పి ఒక్క గుడ్డ ఆడిస్త."

"హైవే మీద జీపులో తుపాకి విప్పుతవా? టోల్‌గేటోళ్లు చూసి చేతులు లేపుతరు. గమ్మున కూసో."

కూర్చున్నాడు. ఆ మాట అనకుండా ఉంటే అప్పుడే బయటపడేది. వెనక్కి తిరిగి ఏ మెకానిక్కు దగ్గరికైనా పోయేవాళ్లం. ఈ పాపంలో నాకూ కొంచెం వాటా ఉంది.

రేంజిలో పది బ్యాంకుల గార్డులు వరసగా నిలబడ్డారు. పరీక్ష చేసేది పైఆఫీసు సెక్యూరిటీ ఆఫీసరు మదన్‌మోహన్. మిలిటరీలో కెప్టెన్‌గా రిటైరయ్యాడు, మీసం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఒక్కో తుపాకీ తెరిపించి, గొట్టంలోకి ఒంటి కన్నుతో చూసి, తల ఊపి, రిజిస్టరులో టిక్కు పెడుతున్నాడు. సాయన్న దగ్గరికి వచ్చాడు.

"ఖోలో."

సాయన్న మీట నొక్కాడు. కదలలేదు. రెండు చేతులా నొక్కాడు. కదలలేదు. మోకాలు ఆనించి, పళ్లు బిగబట్టి, మెడనరాలు పొంగేదాకా నొక్కాడు.

"ఇటియ్యి" అని కెప్టెన్ తీసుకున్నాడు. ఆయన మొహం మొదట ఎర్రబడింది, తర్వాత వంకాయ రంగుకు వచ్చింది. మీట మాత్రం అక్కడే ఉంది.

"లోపట గుండు ఉన్నదా?" అని హఠాత్తుగా అడిగాడు. పక్కనున్న గార్డులంతా ఒక్క అడుగులో పది అడుగులు వెనక్కి పోయారు.

"తూటాలు పది. పదీ నా పెట్టెల ఉన్నయి. చూస్కోండ్రి" అని పెట్టె తెరిచి ఆయన మీసం కింద పెట్టాను. నా లెక్కమీద అనుమానం వస్తే నాకు ఎండ కూడా తెలియదు.

కెప్టెన్ తుపాకి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మళ్లీ చూశాడు. "ఏందిది? గన్నుల మిర్చి బజ్జీలు ఏంచినవా?"

సాయన్న అబద్ధం చెప్పలేడు. నూనె సీసా, దసరా, గుండె డాక్టరు, దగ్గుమందు సీసా అన్నీ వరసగా చెప్పాడు. రోజుకు ఎన్నిసార్లు తుడిచేవాడివి అని అడిగితే అదీ చెప్పాడు. 

"ముప్పయి ఏండ్ల నౌకరీల మురికితోని ఖరాబైన గన్నులు మస్తు చూసిన. సఫాయితోని ఖరాబైంది గిదొక్కటే" అని కెప్టెన్ పెన్ను మూత తీశాడు.

సాయన్న అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. ఆ పెన్ను వైపే చూస్తున్నాడు.  ఆయన్ని ఎగతాళి చేసిన రోజులన్నీ నాకు గుర్తొచ్చాయి.

"సార్, ఆగుండ్రి. మిగిలినోళ్లు కాల్చేదాక టైమియ్యుండ్రి. తెరుచుకోకపోతె అప్పుడు రాసుకోండ్రి. పెన్ను ఏడికి పోతది?" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. నా నోటి సంగతి ఆయనకు ముందే ఎవరో చెప్పినట్టున్నారు. "బారా బజే తక్" అన్నాడు. పన్నెండు దాకా గడువు. అప్పటికి పదీ ముప్పావు.

నాకు తట్టింది ఒకటే. తుపాకి గురించి కెప్టెనుకు తెలియవచ్చు గానీ, కుసుమ నూనె గురించి తెలిసింది నారమ్మకు. ఫోను చేశాను. స్పీకరు పెట్టాను.

"కుసుమ నూనెనా?" అంది నారమ్మ. "ఇనుముకా? అయ్యో దేవుడా! గది గాలికి ఆరితె బంక అయితది మేడం. మూకుడుకు అంటితె గోకినా రాదు. డబ్బ మూతలే పట్టుకపోతయి. గా మనిషి నన్నొక్క మాట అడిగిండా? ముప్పయి నాలుగేండ్ల సంసారం. అడిగిండా అని!"

"అడగలే" అన్నాడు సాయన్న దూరం నుంచే, అటెన్షన్ వదలకుండా.

"నూనె అడుగంటుతున్నదని నేను కోడండ్ల మీన అనుమానపడితి!"

"నారమ్మా, అది తర్వాత. ఇప్పుడు బంక పోవాల్నంటె ఏం చెయ్యాలె?"

"నీళ్లు మసలబెట్టుండ్రి. బట్టల సోడా పిడికెడు ఏయుండ్రి. మీదికెల్లి సన్నగ పోసుకుంట బ్రష్షుతోని తోమాలె."

కెప్టెన్ ఫోను లాక్కున్నాడు. "హలో, నేను కెప్టెన్ మదన్‌మోహన్. ఇది గన్ను, నీ మూకుడు గాదు."

"ఎవలైతేంది సారూ, నూనె ఒక్కటేనాయె. ముందుగాల నీళ్లు పొయ్యి మీద పెట్టుండ్రి" అంది నారమ్మ.

 కాల్చిన తుపాకిలో మసలే నీళ్లు పోసి కడగడం మిలిటరీ పాత పద్ధతే. ఆ సంగతి కెప్టెనుకు తెలుసు. ఒక ఆడమనిషి ఫోనులో చెబితే ఒప్పుకోవడమే కష్టంగా ఉంది. చివరికి రేంజిలో వంట చేసే మెస్ వైపు తిరిగి, "చాయ్ కేతిలి తెండ్రి" అని అరిచాడు.

మెస్‌లో సోడా దొరికింది. కొయ్యభాగం తడవకుండా సాయన్న తన తువ్వాలు చుట్టాడు. కేతిలి కొమ్ము నుంచి మసలే నీళ్లు మీటమీద సన్నగా పోస్తున్నది కెప్టెన్, బ్రష్షుతో రుద్దుతున్నది సాయన్న, ఫోను పట్టుకుని నిలబడింది నేను. అవతలినుంచి నారమ్మ, "పచ్చగ పొర లేస్తున్నదా?" అని అడుగుతోంది. "లేస్తున్నది" అని కెప్టెన్ జవాబు చెబుతున్నాడు. "ఇంకింత పొయ్యుండ్రి" అంటోంది. పోస్తున్నాడు. మూడో కేతిలికి ఆయనే "ఇప్పుడు తిప్పి చూద్దమా అమ్మా?" అని అడిగాడు.

తిప్పారు. టక్కుమంది. తుపాకి నడుము విరిగి తెరుచుకుంది.

సాయన్న చేతిలో బ్రష్షు కింద పడిపోయింది. గార్డులందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు, చేతిలో ఫోనుంది. కళ్లు తుడుచుకోవడానికి ఇంకో చెయ్యే మిగిలింది.

ఆరబెట్టి, అసలైన తుపాకి నూనె ఒక్క చుక్క వేసి, సాయన్న చేతికి ఇచ్చారు. పన్నెండుకు అయిదు నిమిషాలుంది. ఆయన అయిదు గుండ్లు కాల్చాడు, నాలుగు తగిలాయి. గురిబోర్డు చూసుకోలేదు, చప్పున తెరిచి గొట్టంలోకి చూశాడు. "మసి పట్టింది సార్. తుడుస్త" అన్నాడు.

"రుకో" అన్నాడు కెప్టెన్. రిజిస్టరులో టిక్కు పెట్టాడు. ఆ టిక్కు కింద సగం పేజీ రాశాడు. కాల్చిన రోజు తుడవాలి. గొట్టం మళ్లీ మళ్లీ చెమర్చి మసి కక్కుతుంది కనక తర్వాత మూడు రోజులూ తుడవాలి. ఆపైన పేలకుండా ఊరికే ఉన్న తుపాకిని పదిహేను రోజులకు ఒకసారి తుడిస్తే చాలు. అంతకంటే ఎక్కువ తుడవరాదు. తుడిచే కడ్డీ, బ్రష్షు, నూనె అన్నీ హెడ్ క్యాషియరు తాళంలో ఉండాలి, తుడిచినప్పుడల్లా బ్యాంకులో ఉంచే రిజిస్టరులో సంతకం పెట్టాలి. లెక్క మించితే తుపాకి పోయి కర్ర వస్తుంది.

జీపులో తిరిగొస్తూ సాయన్న ఒక్క మాటే అన్నాడు. "గన్ను దక్కింది మేడం."

ఆ రోజూ తర్వాత మూడు రోజులూ ఆయనకు పండగే. అయిదోరోజు పొద్దున అలవాటుకొద్దీ నా కౌంటరు దగ్గరికి వచ్చాడు. "రిజిస్టరు చూసినవా?" అన్నాను. వెళ్లిపోయాడు. ఆ చేతులకు పని లేకుండా పోయింది. ముందు గుమ్మం పిడి తుడిచాడు. తర్వాత బెంచీలు తుడిచాడు. పాసుబుక్కు మిషన్ని తుడుస్తుంటే అది ఎవరిదో ఖాతా రెండుసార్లు అచ్చు వేసింది. మేనేజరు గది బయటి పేరుబోర్డును ఎంతగా తుడిచాడంటే మొదటి అక్షరం లేచిపోయి, మహిధర్ రెండురోజులు హిధర్‌గా ఉన్నాడు. నేను ఇంటికి పోయి మరీ నవ్వాను.

పదిహేనో రోజు వచ్చింది. సాయన్న కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. మధ్యాహ్నం భోజనం మానేసి గంటసేపు తుడిచాడు. ఒక్కో గొట్టం ఎండలో పెట్టి చూసుకున్నాడు. తర్వాత కడ్డీ, బ్రష్షు, సీసా మడతగుడ్డలో చుట్టి నాకు అప్పగించి, రిజిస్టరులో నిదానంగా సంతకం పెట్టాడు.

"ఇంక పదకొండుసార్లే మేడం" అన్నాడు.

"ఏంది పదకొండు?"

"నవంబరు దాక లెక్క జేసిన. పదిహేను దినాలకోసారి అంటె, ఇంక పదకొండుసార్లు తుడుస్త. గంతే."

నేను మడతగుడ్డ సొరుగులో పెట్టి తాళం వేశాను.   పందొమ్మిదేళ్లుగా రోజుకు మూడుసార్లు చేసిన పని ఎప్పటికో అప్పటికి అయిపోతుందని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. ఆ రిజిస్టరు వచ్చి లెక్క చెప్పింది. తాళం నా దగ్గర ఉంది. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆ తర్వాతి మంగళవారం మధ్యాహ్నం జనం పలచబడ్డాక, సొరుగు తెరిచి మడతగుడ్డ తీసి కౌంటరు మీద పెట్టాను.

"సాయన్నా, ఇటు రా. గీ గుడ్డ నా సొరుగుల అడ్డమొస్తున్నది. తీస్కపో. సాయంత్రం తెచ్చియ్యి."

ఆయన గుడ్డవైపు చూశాడు, గోడమీది క్యాలెండరువైపు చూశాడు. "ఇయ్యాల తారీకు గాదు మేడం. ఇంక ఏడు రోజులున్నది."

"తారీకులు నాకు చెప్తవా? చుక్క నూనె కంటె ఎక్కువ ఏస్తె మాత్రం ఊకోను."

ఆయన గుడ్డ అందుకున్నాడు. కాసేపు అక్కడే నిలబడి, "రిజిస్టరు ఇయ్యుండ్రి మేడం, సంతకం పెడత" అన్నాడు.

రిజిస్టరు నా మోచేతి కింద ఉంది. నేను మోచెయ్యి తీయలేదు.

"అది దొరుకుతలేదు. పో, పని చూస్కో" అన్నాను.